ఎండ జరిగిపోతుంటే బొమ్మ చెడిపోతోందా?

సమస్య: నీడలు తలో దిక్కుకూ పడుతున్నాయి

పొద్దున ఎనిమిదింటికి గట్టు మీద కూర్చుని నీటిరంగులతో తాటిచెట్ల నీడలు పొడుగ్గా వేస్తాం, పదింటికి గడ్డివాము దాకా వచ్చేసరికి దాని నీడ పొట్టిదైపోయి ఉంటుంది, దాన్నీ కనిపించినట్టే వేసేస్తాం. అంటే ఒకే కాగితం మీద రెండు వేళలు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో గచ్చు మీద పడ్డ ఎండ చుట్టూ ఒకసారి సుద్దముక్కతో గీత గీశాను, కాఫీ తాగి వచ్చేసరికి ఎండ ఆ గీత దాటి జానెడు జరిగింది.

పరిష్కారం: మొదటి పది నిమిషాలు రంగు జోలికి పోకండి. నీడల అంచులన్నీ పెన్సిల్‌తో గీసి పక్కన టైమ్ రాసుకోండి, ఆ తర్వాత ఎండ ఎటు పోయినా ఆ గీతలు మార్చొద్దు. గంటన్నర దాటితే ఆపేసి మర్నాడు అదే వేళకు రండి. 1890-91లో ఫ్రాన్స్‌లోని జివెర్నీలో గోధుమ కుప్పలు వేసినప్పుడు ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే ఒకేసారి చాలా కాన్వాసులు పెట్టుకుని, వెలుగు మారగానే ఇంకోటి అందుకునేవాడు. మనకు రెండు కాగితాలు చాలు, పొద్దుటికి ఒకటి, సాయంత్రానికి ఒకటి.

సమస్య: ఖాళీ గది మసి పట్టినట్టు ఉంది

నీడలో నలుపు కలిపారు, అంతే. మనుషులూ సామానూ లేని గదిలో చూడ్డానికి ఉండేదే నీడల రంగు, అది చచ్చిపోతే బొమ్మలో ఇంకేం మిగలదు. మండువా స్తంభాన్ని దగ్గరగా చూడండి: ఎండ పడ్డ ఎర్రగచ్చు పక్కన కింది మూరెడూ ఎర్రగా వెచ్చగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ ఆకాశం వెలుగు తగిలి నీలి బూడిద రంగులోకి తిరుగుతుంది. సున్నంలో నీలిమందు కలిపిన గోడలైతే ఆ నీలం ఇంకా తెలుస్తుంది. అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలిపి, పైన నీలం ఎక్కువ, కింద సియెన్నా ఎక్కువ వేయండి, మధ్యలో తడి మీదే కలిసిపోనివ్వండి. ఎండ పడ్డ చోటు తెల్ల కాగితం అలాగే వదిలేయండి.

సమస్య: ఉత్తరం కిటికీలోంచి కూడా ఎండ వస్తోంది

ఉత్తరపు వెలుగు నిలకడగా ఉంటుందన్న మాట యూరప్ స్టూడియోల నుంచి వచ్చింది. మన దగ్గర మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, వేసవి పొద్దుటా సాయంత్రమూ సరేసరి. ఆ నెలల్లో కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టండి.

సమస్య: పొలమంతా ఒకే పచ్చ

ట్యూబులోని పచ్చ నేరుగా వాడితే ఇలాగే ఉంటుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే ఆకులోంచి వెలుగు దూరి వరి పసుపుపచ్చగా మెరుస్తుంది, వీపు వెనక ఎండ ఉంటే అంతగా మెరవదు. ముందు ఎటు తిరిగి కూర్చోవాలో తేల్చుకుని, పసుపూ నీలమూ మీరే కలుపుకోండి.

సమస్య: ఇంటికొచ్చి చూస్తే బొమ్మ నల్లగా ఉంది

కాగితం నేరుగా ఎండలో పెట్టుకుని వేశారు. తెలుపు కళ్లు జిగేల్మనిపిస్తుంటే రంగులు లేతగా తోచి, తెలియకుండానే చిక్కగా వేసేస్తాం. కాగితాన్ని నీడలో పెట్టుకోండి. గొడుగైతే నల్లదే వాడండి, రంగుల గొడుగు తన రంగంతా కాగితం మీద పోస్తుంది.