అది ఆకలా, యావా? మిక్చర్ డబ్బా మూత తీసే ముందు

అన్నం తిని రెండు గంటలు కాలేదు. అయినా టీవీ ముందు నుంచి లేచి, ఇంట్లోవాళ్లకి వినపడకుండా మిక్చర్ డబ్బా మూత మెల్లగా తిప్పి, నిలబడే నాలుగు గుప్పిళ్లు తినేసి, అడుగున వేయించిన పల్లీలు ఏరుకుంటూ ఉండగా "ఇప్పుడు నాకు ఆకలేసిందా అసలు?" అని అనుమానం వస్తుంది చూడండి, అలాంటి వాళ్ల కోసం ఇది. నేనూ ఆ బాపతే.

ముందు ఆకలా, యావా తేల్చుకోండి, ఎందుకంటే మెదడులో ఈ రెండిటినీ చూసుకునే కణాలు వేరు. పరీక్ష మన సామెతలోనే ఉంది: ఆకలి రుచెరగదు. ఫ్రిజ్‌లో చద్దన్నం, పెరుగు ఉన్నాయి, తింటావా అని మిమ్మల్ని మీరే అడగండి. తింటానంటే ఆకలి. "అబ్బే, కరకరలాడేది ఏదైనా..." అంటే యావ.

ఆకలైతే మొహమాటం లేకుండా కంచంలో పెట్టుకుని, కూర్చుని తినండి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలో ఆకలి పుట్టించే ఏజీఆర్‌పీ న్యూరాన్లనే కణాలు ఉంటాయి. కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అనే హార్మోన్ వాటిని ఎగదోస్తుంది, ఒంట్లో కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ జోకొడుతుంది. 2011లో కడుపు నిండిన చిట్టెలుకల్లో ఈ కణాలను కాంతికి స్పందించేలా మార్చి, కాంతితో లేపితే నిమిషాల్లోనే మళ్లీ తిండి మీద పడ్డాయి. అలాంటివాటితో పంతానికి పోయి గెలవలేం. నిద్ర సంగతీ చూసుకోండి: 2004లో 12 మంది కుర్రాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది.

యావ అయితే కథ వేరు, ఇది మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాల పని. మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రమ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో మొదట్లో పళ్లరసం చుక్క నోట్లో పడినప్పుడు ఈ కణాలు చురుకయ్యేవి. రసం వచ్చే ముందు ఒక గుర్తు కనిపిస్తుందని కోతికి అలవాటయ్యాక, ఆ గుర్తు దగ్గరే చురుకయ్యాయి, రసం వచ్చినప్పుడు మామూలుగానే ఉన్నాయి. రావాల్సిన రసం రాకపోతే మామూలు కన్నా తగ్గిపోయాయి.

అంటే మన గోల మిక్చర్‌తో కాదు, డబ్బాతో. సీరియల్ అయిపోవడం, ఆ కుర్చీ, ఆ స్టీలు మూత చప్పుడు, ఇవన్నీ గుర్తులే. కాబట్టి డబ్బా చేతిలోకి తీసుకున్నాక నిగ్రహం కోసం వెతుక్కోవద్దు, అప్పటికే ఆలస్యమైంది. డబ్బాని అటకెక్కించండి, టీవీ అవ్వగానే వంటింటి వైపు కాకుండా పళ్లు తోముకోవడానికి వెళ్లండి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, రసం రాని కోతి పరిస్థితే మనదీ. నాలుగో రోజు "ఈ ఒక్కసారికి" అని లొంగిపోతే మాత్రం మొదటికే మోసం, ఎప్పుడో ఒకసారి దొరుకుతుందని తెలిస్తే అలవాటు ఇంకా మొండికేస్తుంది.

ఇంట్లో చిరుతిళ్లు నాలుగు రకాలు పెట్టొద్దు, ఒకటి చాలు. పెళ్లి భోజనంలో ఇంక మెతుకు దిగదన్నవాడు బూరె రాగానే సర్దుకు కూర్చోడూ? తిన్న రుచే మొహం మొత్తుతుంది, కొత్త రుచికి చోటు ఎప్పుడూ ఉంటుంది.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు రాత్రి ఆకలితో పాటు చెమటలు, వణుకు వస్తే ఈ పరీక్షలు పెట్టుకోకండి, వెంటనే పంచదార నోట్లో వేసుకుని తర్వాత డాక్టర్‌కి చెప్పండి.

అన్నట్టు ఆకలి, యావ వేరువేరు అన్నాను గానీ రెండూ చేతులు కలుపుతాయి, గ్రెలిన్ డోపమిన్ కణాలనూ కదిలిస్తుంది. డబ్బా అటకెక్కించాక నేను స్టూల్ వేసుకుని దింపింది రెండుసార్లు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం అన్నం మానేసి టీ, బిస్కెట్లతో గడిపినవే.