వైట్‌వాటర్ కయాక్‌ను ఒంటికి సరిపోయేలా బిగించుకోవడం ఎలా?

ఉరకలేసే నీళ్ళలో కయాక్‌ను (కాళ్ళు చాపుకుని కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవను) తిప్పేది తెడ్డే అనుకుంటారు కొత్తవాళ్ళు. నిజానికి సగం పని నడుం కింద జరుగుతుంది. ప్రవాహంలోంచి బండ వెనక ఉన్న ఎడ్డీలోకి (నీళ్ళు నెమ్మదించి వెనక్కి తిరిగే చోటులోకి) మళ్ళేటప్పుడు మోకాలు కాస్త ఎత్తితే చాలు, పడవ అంచు వెంటనే లేవాలి. ఈ ఆటలో మజా అంతా అక్కడే ఉంది. లోపల ఒళ్ళు వదులుగా కదులుతుంటే ఎంత ఖరీదైన పడవైనా అలా పలకదు. కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని సరిగ్గా బిగించి చూడండి. ఒక పూట పని.

కావలసినవి

నీళ్ళు పీల్చని గట్టి ఫోమ్ (6, 12, 25 మి.మీ. మందాల్లో), కాంటాక్ట్ సిమెంట్ (రెండు వైపులా రాసి ఆరాక అతికించే జిగురు), పళ్ళున్న పొడవాటి కత్తి, శాండ్ పేపర్, స్క్రూడ్రైవర్, మార్కర్. సోఫా స్పాంజి పనికిరాదు, నీళ్ళు తాగి బరువెక్కుతుంది. నదిలో వేసుకునే దుస్తులు, బూట్లు వేసుకునే కొలతలు చూసుకోండి. వట్టి కాళ్ళతో సరిచేసిన పాదాల పలక బూట్లతో ఎక్కేసరికి ఇరుకైపోతుంది.

1. ముందు సీటు

మిగతావన్నీ సీటును బట్టి మారతాయి కాబట్టి పని ఇక్కడే మొదలుపెట్టాలి. నిలకడ నీళ్ళలో పడవలో కూర్చుని, ఒడ్డున ఉన్నవాళ్ళను పక్కనుంచి చూడమనండి. రెండు కొనలూ దాదాపు ఒకే ఎత్తులో తేలాలి. సీటు మరీ వెనక ఉంటే ముందు కొన గాల్లోకి లేస్తుంది, వెనక కొనను ప్రవాహం పట్టి లాగుతుంది. మరీ ముందుంటే ప్రతి కెరటంలోకీ ముక్కు దిగబడుతుంది. బోల్టులు వదులు చేసి ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పునే జరపండి.

2. పాదాలు, తొడలు

పాదాల పలకకు అరికాలి ముందు భాగం ఆనాలి, మోకాళ్ళు కొద్దిగా వంగి పక్కలకు తెరుచుకోవాలి. పడవ బండను గుద్దుకున్నప్పుడు దెబ్బ పాదమంతటా పరుచుకోవాలంటే పలక మీద 12 మి.మీ. ఫోమ్ అతికించండి. పలకకూ పడవ గోడకూ మధ్య ఖాళీ ఉంటే పాదం అందులో జారి ఇరుక్కుపోతుంది. ఆ సందును ఫోమ్‌తో పూర్తిగా మూసేయాలి. ఇందులో బద్ధకం వద్దు. ఇక తొడ బ్రేసులు (పడవలో తొడలను పట్టి ఉంచే వంపు పట్లు) మోకాలికి కాస్త పైన, తొడను లోపలి వైపునుంచి పట్టుకోవాలి.

3. తుంటి

అసలు పట్టు ఇక్కడుంది. రెండు పక్కలా 6 మి.మీ. ఫోమ్ పొరలు ఒక్కొక్కటే చేర్చుకుంటూ రండి. పచ్చిక మీద పడవలో కూర్చుని తుంటిని కుడికీ ఎడమకీ ఊపండి. పడవ ఆలస్యం లేకుండా మీతోపాటే ఒరిగితే అక్కడితో ఆపండి. ఇంకో పొర వేస్తే ఇంకా బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. అది వేస్తే బయటికి రావడం కష్టమవుతుంది, కాళ్ళూ తిమ్మిరెక్కుతాయి.

అతికించేటప్పుడు ప్లాస్టిక్‌ను శాండ్ పేపర్‌తో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడవండి. జిగురు రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాకే కలపండి. ఒకసారి తగిలిందంటే మళ్ళీ జరగదు కాబట్టి మార్కర్‌తో ముందే గీతలు పెట్టుకోండి.

4. చివరగా బ్యాక్ బ్యాండ్

తుంటి దగ్గరి వదులును బ్యాక్ బ్యాండ్ (సీటు వెనక నడుముకు ఆనే పట్టీ) లాగి సరిచేయాలని చూడటం అందరూ చేసే పొరపాటు. దాని పని నడుం నిటారుగా నిలవడానికి ఆసరా ఇవ్వడం వరకే. కూర్చునే ముందు వదులు చేసి, కూర్చున్నాక కింది నడుముకు ఆనేంత బిగించండి. పావుగంటలో పాదాలు మొద్దుబారుతుంటే మొదట పాదాల పలకను కొంచెం దూరం జరిపి చూడండి. తగ్గకపోతే తుంటి దగ్గర ఒక పొర తీసేయండి.

5. తలకిందులుగా పరీక్ష

ఈ పరీక్ష కాకుండా నదిలోకి దిగకూడదు. నడుం లోతు నిలకడ నీళ్ళలో, పక్కన ఒకరు నిలబడి ఉండగా చేయండి. స్ప్రే స్కర్ట్‌ను (నీళ్ళు లోపలికి రాకుండా నడుం నుంచి పడవ నోటి అంచు దాకా కప్పే గుడ్డను) మొదట వెనక భాగాన, తర్వాత ముందు భాగాన, చివరగా పక్కల తొడగాలి. స్కర్ట్‌ను ఊడదీయడానికి లాగే పట్టీ బయటే ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోండి. లోపల మడతపడితే నీటి కింద అది దొరకదు. బోల్తా కొట్టాక ముందుకు వంగి, పట్టీని ముందుకు నెట్టి పైకి లాగండి. తర్వాత రెండు చేతులూ సీటు పక్కన ఆనించి, ప్యాంటు విప్పినట్టు పడవను కాళ్ళనుంచి తోసేయండి. మోకాళ్ళు ఎక్కడైనా పట్టేస్తే అక్కడి ఫోమ్ కోసేయాల్సిందే, ఎంత ముచ్చటగా అమరినా సరే.

మిగతా సామాను

వెనక భాగంలో గాలి సంచులు పెట్టండి. 1 లీటరు నీళ్ళు 1 కిలో కాబట్టి 250 లీటర్ల పడవ నిండిందంటే ఎవరూ ఒడ్డుకు లాగలేరు. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగించండి. గడ్డం దాటి వస్తే అది మీ సైజు కాదు. హెల్మెట్ నుదురును కప్పాలి, తల ఊపినా వెనక్కి జారకూడదు. 15 నుంచి 20 మీటర్ల తేలే తాడున్న త్రో బ్యాగ్ (నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే తాడు సంచి) తీసుకెళ్తే, తాడు చుట్టుకుంటే కోయడానికి కత్తి కూడా చేతికందే చోట ఉండాలి.

మొదటి రెండు మూడు సార్లు నదికి వెళ్ళొచ్చేసరికి ఫోమ్ అణిగి తుంటి దగ్గర మళ్ళీ వదులవుతుంది. అప్పుడు రెండు పక్కలా ఒక్కో 6 మి.మీ. పొర చేర్చి, 5వ మెట్టులోని పరీక్షను మళ్ళీ మొదటినుంచీ చేయండి.