చనిపోయిన బాంబర్ నావిగేటర్ కథ వెతకాలంటే ముందు పైలట్‌ని పట్టుకోండి

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బాంబర్ నావిగేటర్, అంటే బాంబర్ విమానానికి దారి లెక్క కట్టే మనిషి, ఒకాయన పేరు మీ కంటపడిందనుకోండి. ఇంగ్లండులో ఉండేవాళ్లకి ఊరి చర్చి గోడ మీద, కెనడాలో ఉండేవాళ్లకి ఏ స్మారక స్తంభం మీదో, ఇక్కడ ఉండేవాళ్లకి ఏదో డాక్యుమెంటరీ చివర్లో. ఆయన ఎవరి బిడ్డ, ఎక్కడ చదివాడు, ఏ రాత్రి ఏ ఊరి మీదికి వెళ్లాడు, ఎలా పోయాడు అని ఇంట్లో కూర్చునే చాలావరకు తెలుసుకోవచ్చు. చిక్కల్లా ఒకటే, ఆనాటి కాగితాలన్నీ పైలట్ పేరు మీద నడుస్తాయి. విమానం ఆయన పేరున, కథలు ఆయన పేరున, పుస్తకాల వెనక సూచికలో కూడా ఆయనే. నావిగేటర్ మాత్రం విమానంలో తెర వెనక కూర్చున్నట్టే కాగితాల్లోనూ వెనకే ఉంటాడు. అందుకే ఈ పద్ధతి మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఆయన పైలట్ ఎవరు, విమానం నంబర్ ఏంటి, ఆ రెండూ దొరికితే మనిషి దొరికినట్టే.

ఉదాహరణకి ఒకాయన్ని తీసుకుందాం. టోర్గర్ హార్లో టేరమ్, కెనడా ఆల్బర్టాలోని మైలో అనే చిన్న ఊళ్లో 1920 మే 22న పుట్టాడు. తండ్రి నార్వే నుంచి వలస వచ్చినవాడు. 1940లో కెనడా వైమానిక దళంలో చేరాడు, ఇంగ్లండు వచ్చి 50వ స్క్వాడ్రన్‌లో ఎగిరాడు, తర్వాత గై గిబ్సన్ అనే పైలట్‌కి నావిగేటర్‌గా, ఆయన నడిపిన 617వ స్క్వాడ్రన్‌కి వెళ్లాడు, జర్మనీ డ్యామ్‌ల మీద దాడి చేసి డామ్‌బస్టర్స్ అని పేరు పడ్డ స్క్వాడ్రన్ అదే. 1943 సెప్టెంబర్‌లో చనిపోయాడు. మొదటి పాఠం ఈయన పేరులోనే ఉంది. కాగితాల్లో టోర్గర్, ఇంట్లో హార్లో, తోటి సిబ్బందికి టెర్రీ. ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా అక్కడక్కడా తారుమారైంది. పేరు కొట్టి వెతికి "ఏమీ రాలేదు" అని వదిలేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

కాబట్టి మొదటి పని సర్వీస్ నంబర్ పట్టుకోవడం. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, దళం, చనిపోయిన సంవత్సరం ఇస్తే నంబర్, ర్యాంకు, స్క్వాడ్రన్, శ్మశానం, సమాధి వరుస, చాలామందికి తల్లిదండ్రుల పేర్లు కూడా వస్తాయి. సమాధి దొరకనివాళ్లయితే, బ్రిటన్ నుంచి ఎగిరినవాళ్ల పేర్లు లండన్ పక్కన రన్నీమీడ్ స్మారకం మీద ఉంటాయి, ఇరవై వేలకు పైగా ఉన్నాయి. ఒక జాగ్రత్త: మామూలు ర్యాంకులో చేరి తర్వాత ఆఫీసరైనవాళ్లకి నంబర్ మారుతుంది. కెనడా వాళ్లకైతే మామూలు ర్యాంకుల నంబర్లు ఆర్ అక్షరంతో, ఆఫీసర్లవి జేతో మొదలవుతాయి. రెండూ రాసి పెట్టుకోండి, లేకపోతే శిక్షణ కాలం కాగితాలు ఒక నంబర్ కింద, యుద్ధం కాగితాలు ఇంకో నంబర్ కింద ఉండి, ఇద్దరు వేరే మనుషులేమో అనిపిస్తుంది. ఆఫీసరు అయిన తేదీ, పతకాలు బ్రిటన్ ప్రభుత్వ పత్రం లండన్ గెజిట్‌లో వస్తాయి, అది ఉచితంగానే వెతకొచ్చు. కొందరికి ప్రమోషన్ ప్రకటన చనిపోయాక వచ్చింది, అందుకే సమాధి రాయి మీది ర్యాంకూ ఆఖరి రాత్రి కాగితంలోని ర్యాంకూ కలవకపోతే కంగారు పడొద్దు.

అదే వెబ్‌సైట్‌లో ఇంకో పని చేయండి, చాలామంది చేయరు. ఆ తేదీ, ఆ శ్మశానం మాత్రమే ఇచ్చి, పేరు ఖాళీగా వదిలి వెతకండి. ఆ రోజు చనిపోయి అక్కడ ఉన్న వైమానిక దళం వాళ్లంతా వస్తారు, అందులో అదే స్క్వాడ్రన్ వాళ్లు మీ మనిషి సిబ్బంది అయ్యే అవకాశం ఎక్కువ. టేరమ్ విషయంలో ఇలా చేస్తే జర్మనీలోని రైష్‌వాల్డ్ ఫారెస్ట్ శ్మశానంలో ఆ రాత్రి పోయిన అదే స్క్వాడ్రన్ ఇతర విమానాలవాళ్లు కూడా వస్తారు, వాళ్లలో ఆయన విమానంవాళ్లు ఎనిమిది మంది. ఆయన ఎగిరిన లాంకాస్టర్ రకం బాంబర్‌లో సిబ్బంది మామూలుగా ఏడుగురు కదా, ఎనిమిదో మనిషి ఎవరని అడగాలనిపిస్తుంది. ఆ రాత్రి అదనంగా ఒక గన్నర్ ఎక్కాడు. ఇలాంటి చిన్న తేడాలే మంచి ఆధారాలు.

ఇప్పుడు ఇంగ్లండులోని లింకన్‌లో ఉన్న ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వాళ్ల నష్టాల డేటాబేస్‌కి, అంటే చనిపోయినవాళ్ల జాబితాకి, వెళ్లండి. బ్రిటన్ వైమానిక దళంలో బాంబర్లని నడిపిన విభాగం బాంబర్ కమాండ్‌లో చనిపోయింది 55,573 మంది అని చెబుతారు, ఎగిరినవాళ్లు దాదాపు 1,25,000 మంది. ఈ డేటాబేస్‌లో అంతకన్నా ఎక్కువ పేర్లే ఉన్నాయి, ఇతర సిబ్బందిని కూడా కలిపారు కాబట్టి. ఇక్కడ మీకు కావాల్సింది విమానం సీరియల్ నంబర్. టేరమ్ డ్యామ్‌ల దాడికి వెళ్లిన లాంకాస్టర్ ఈడీ932, ఆఖరి విమానం ఈఈ144. విమానం పక్కన పెయింట్ చేసిన ఏజే-జీ లాంటి అక్షరాలు ఒక విమానం పోతే ఇంకోదానికి ఇచ్చేవాళ్లు, వాటిని నమ్ముకుంటే తప్పు విమానం మీద పడతారు. సీరియల్ మాత్రం ఒక్కదానిదే.

ఇక అసలు కాగితం. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే సిరీస్ ఉంది, ప్రతి స్క్వాడ్రన్ నెలనెలా రాసిన ఆపరేషన్స్ రికార్డ్ బుక్కులు. అందులో ఫామ్ 540 అంటే స్క్వాడ్రన్ డైరీ, ఎవరు వచ్చారు, వాతావరణం ఎలా ఉంది, ఎవరికి పతకం వచ్చింది. ఫామ్ 541లో ఒక్కో విమానానికీ ఒక్కో పద్దు, సిబ్బంది పేర్లు, బయల్దేరిన టైమ్, దిగిన టైమ్, ఏం జరిగిందో రెండు మూడు లైన్లు. తిరిగి రానివాళ్లకి దిగిన టైమ్ గడి ఖాళీగా ఉంటుంది, పక్కన "బయల్దేరాక ఏ కబురూ లేదు" అనే అర్థంలో ఒక లైను. మొదటిసారి ఆ ఖాళీ గడి చూసినప్పుడు కాసేపు పక్క పేజీకి వెళ్లబుద్ధి కాదు. పేర్లు పైలట్ వరుసలోనే ఉంటాయి కాబట్టి, మీ నావిగేటర్ స్క్వాడ్రన్‌లో చేరిన నెల నుంచి ప్రతి పేజీ తిప్పి ఆయన ఉన్న పద్దులన్నీ ఒక షీట్‌లో ఎక్కించుకోండి: తేదీ, విమానం, పైలట్, లక్ష్యం, పైకి, కిందికి. మామూలుగా ముప్పై దాడులు పూర్తయితే ఒక టూర్ అయిపోయినట్టు, కొంత విశ్రాంతి, తర్వాత ఇరవై వరకు రెండో టూర్. మీ షీట్‌లో ఇరవై ఎనిమిదో వరుస దగ్గర ఆగిపోతే దాని అర్థం మీకే తెలుస్తుంది. గార్డెనింగ్ అని కనిపిస్తే తోటపని కాదు, సముద్రంలో మైన్లు జారవిడవడం. నికెల్ అంటే కరపత్రాలు.

తేదీల దగ్గర అందరూ తడబడతారు. దాడి అంటే రెండు తేదీల మధ్య రాత్రి. రికార్డ్ బుక్కులో బయల్దేరిన తేదీ, సమాధి మీద మర్నాటి తేదీ ఉండొచ్చు. టేరమ్ ఆఖరి ప్రయాణం 1943 సెప్టెంబర్ 15-16 రాత్రి, రికార్డుల్లో మరణం 16. మీరు రాసేటప్పుడు రెండు తేదీలూ రాయడం మంచిది.

నావిగేటర్ ఏం చేశాడో రాయకపోతే ఇదంతా ఉత్త తేదీల పట్టిక. చాలా రాతల్లో ఇక్కడే "ధైర్యంగా దారి చూపాడు" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు, నాకు అది అస్సలు నచ్చదు. లాంకాస్టర్‌లో పైలట్ వెనక, పక్కకి తిరిగి ఉండే చిన్న బల్ల దగ్గర కూర్చునేవాడు, దీపం వెలుగు బయటికి పోకుండా తెర. బయట ఏం జరుగుతోందో చాలాసార్లు చూసేవాడే కాదు. వేగం, దిశ, గాలి, ఈ మూడింటితో ఇప్పుడు ఎక్కడున్నామో లెక్క కట్టడం, కొన్ని నిమిషాలకోసారి దాన్ని సరిచూడటం, గాలి అంచనా తప్పితే మళ్లీ మొదట్నుంచీ లెక్క, అలా ఆరేడు గంటలు. దిగాక ఆ చార్టూ, లెక్కలు రాసిన లాగ్ కాగితమూ అప్పగిస్తే స్టేషన్ నావిగేషన్ ఆఫీసర్ తప్పులు పట్టేవాడు, పరీక్ష పేపర్ దిద్దినట్టు.

మీ మనిషి ఏ సంవత్సరంలో ఎగిరాడన్నది ఇక్కడ చాలా ముఖ్యం. 1941 ఆగస్టులో వచ్చిన బట్ నివేదిక, అంటే బాంబులు నిజంగా ఎక్కడ పడుతున్నాయో పరిశీలించిన బ్రిటన్ నివేదిక, లక్ష్యాన్ని కొట్టామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటే దానికి ఐదు మైళ్ల లోపు వెళ్లిందని తేల్చింది. అప్పటివాళ్లకి నక్షత్రాలు, సెక్స్‌టెంట్, రేడియో దిశలు తప్ప పెద్దగా ఏమీ లేవు. 1942లో గీ అనే పరికరం వచ్చింది, ఇంగ్లండులోని స్టేషన్ల సంకేతాల మధ్య తేడాని తెర మీద చూసి స్థానం కట్టడం. కొద్ది నెలల్లోనే జర్మన్లు దాన్ని జామ్ చేయడం మొదలుపెట్టారు. 1943 జనవరి నుంచి కింద నేలని చూపించే హెచ్2ఎస్ రాడార్ వచ్చింది. అదీకాక 1942 వరకు అబ్జర్వర్ అనే ఒకడే దారీ చూసి బాంబూ వేసేవాడు, తర్వాతే నావిగేటర్, బాంబ్ ఎయిమర్ వేరయ్యారు. ఫోటోలో ఛాతీ మీది బ్యాడ్జిలో ఓ అక్షరం ఉంటే పాత శిక్షణ, ఎన్ అక్షరం ఉంటే కొత్తది. ఫోటో తేదీ తేల్చడానికి కూడా పనికొస్తుంది, కాకపోతే పాతవాళ్లు కొందరు ఓనే గర్వంగా ఉంచుకున్నారు.

టేరమ్ చేసిన పని వీటన్నిటికీ భిన్నం. 1943 మే 16-17 రాత్రి 19 లాంకాస్టర్లు ఇంగ్లండులోని స్కాంప్టన్ నుంచి చెట్ల ఎత్తున వెళ్లాయి, ఎనిమిది తిరిగి రాలేదు, 53 మంది చనిపోయారు. జర్మనీలోని మోనె డ్యామ్ దగ్గర నీటి మీద 60 అడుగుల ఎత్తులోనే బాంబు వదలాలి. విమానం కింద రెండు లైట్లు, ఆ రెండు వెలుగులూ నీటి మీద కలిస్తే అదే ఎత్తు. పక్క కిటికీలోంచి వాటిని చూస్తూ "కిందికి, ఇంకా కిందికి" అని గిబ్సన్‌కి చెప్పింది టేరమే. దీనికి ఆయనకి డీఎఫ్‌సీ పతకం వచ్చింది. కింద ఏం జరిగిందో కూడా మీ రాతలో ఉండాలి. ఆ వరదలో కనీసం 1300 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది సోవియట్ దేశం నుంచి పట్టుకొచ్చిన వెట్టి కార్మికులు. నావిగేటర్ మీద అభిమానంతో దీన్ని దాచేస్తే మీ రాత సగమే అవుతుంది.

వ్యక్తిగత ఫైల్ మాటకొస్తే ఏ దేశం దళమో దాన్నిబట్టి అదృష్టం. కెనడాలో యుద్ధంలో చనిపోయినవాళ్ల సర్వీస్ ఫైళ్లు అందరికీ తెరిచారు, లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో వెతకొచ్చు. చేరేటప్పటి దరఖాస్తు, ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు అభిప్రాయం, శిక్షణలో మార్కులు, తల్లికి పోయిన ఉత్తరాల కాపీలు ఉంటాయి. ఆస్ట్రేలియా వాళ్లకి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏ705 అనే సిరీస్ బంగారం, కూలిన విమానం గురించి తర్వాత చేసిన విచారణ అంతా అందులోనే. న్యూజీలాండ్‌కి ఆక్లాండ్ మ్యూజియం వాళ్ల ఆన్‌లైన్ సెనోటాఫ్. బ్రిటన్ ఫైళ్లు రక్షణ శాఖ నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కి మారుతున్నాయి, ఎయిర్ 81లో మరణాల ఫైళ్లు 1939 నుంచి విడతలవారీగా తెరుస్తున్నారు. ఎగిరిన ప్రతిసారీ ఆయన రాసుకున్న లాగ్‌బుక్ కోసం మాత్రం కుటుంబాన్నే అడగాలి. ఎవరూ తీసుకెళ్లని లాగ్‌బుక్కులని యుద్ధం తర్వాత చాలావరకు నాశనం చేశారు.

ఆఖరి రాత్రికి వస్తే, ఇక్కడే పైలట్ సూత్రం బాగా పనికొస్తుంది. టేరమ్‌ని గిబ్సన్ పేరు కింద వెతికితే మరణం దొరకదు. గిబ్సన్ అప్పటికి స్క్వాడ్రన్‌లో లేడు. టేరమ్, ఇంకా ఆ పాత సిబ్బందిలో ముగ్గురు, కొత్త కమాండర్ జార్జ్ హోల్డెన్‌తో డార్ట్‌మండ్-ఎమ్స్ కాలువ మీద దాడికి వెళ్లారు. వెళ్లిన ఎనిమిది లాంకాస్టర్లలో ఐదు పోయాయి. హోల్డెన్ విమానం నార్డ్‌హార్న్ దగ్గర విమాన విధ్వంసక ఫిరంగి దెబ్బకి కూలింది. అదే సెప్టెంబర్‌లో గిబ్సన్ కాల్గరీ వెళ్లి టేరమ్ తల్లిని కలిశాడు, కొద్ది రోజులకే ఆమెకి టెలిగ్రామ్. 1945 ఫిబ్రవరిలో చిన్న కొడుకు లార్న్, గన్నర్, అతనూ పోయాడు. అన్నదమ్ములు, కజిన్ల పేర్లు కూడా వెతకమనేది ఇందుకే, ఒక ఇంటికి ఒకే టెలిగ్రామ్ వచ్చిందనుకోకండి.

మన వైపు నుంచి మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఒక దారి చెబుతాను. ఆర్ఏఎఫ్‌లో, అంటే బ్రిటన్ వైమానిక దళంలో, 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అని ఉండేది, బాంబర్ స్క్వాడ్రనే. 1918లో నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్న విమానాలతో ఎగిరింది కాబట్టి ఆ పేరు. అంతేగాని అందులో ఎగిరినవాళ్లు హైదరాబాదీలు కాదు, ఆ పేరు చూసి మనవాళ్లని రాసేయొద్దు. 1939 సెప్టెంబర్ 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, ఈ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు ఐదు విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ నౌకల మీదికి వెళ్లాయి, ఒకటి తిరిగి రాలేదు. బ్లెన్‌హైమ్‌లో మామూలుగా ముగ్గురే కాబట్టి సిబ్బందిని కలపడం సులువు. ఆ పోయిన విమానం అబ్జర్వర్‌తోనే మొదలుపెట్టండి: ముందు తేదీ, తర్వాత పైలట్, సీరియల్, ఆ తర్వాత ఎయిర్ 27లో సెప్టెంబర్ మొదటి పేజీ, 1939 నాటి ఎయిర్ 81 ఫైలు.

రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన అది ఏ కాగితంలోంచి వచ్చిందో మీ కోసమైనా రాసి పెట్టుకోండి. బతికున్న బంధువుల చిరునామాలు, ఫోటోలు అడక్కుండా పెట్టొద్దు. లింకన్ డేటాబేస్‌లో తప్పు కనిపిస్తే ఆధారం జతచేసి వాళ్లకి మెయిల్ పెట్టండి, సరిచేస్తారు.