చెస్ గ్రాండ్‌మాస్టర్ ఆట ఊరికే చూడకుండా నేర్చుకోవాలంటే

చాలామంది యూట్యూబ్‌లో గేమ్ చూసేసి అబ్బా సూపర్ అనుకుని వదిలేస్తారు, దానివల్ల పైసా ఉపయోగం లేదు. కాపాబ్లాంకాతో మొదలెట్టండి. 1888లో హవానాలో పుట్టాడు, 1921లో అప్పటి ఛాంపియన్ లాస్కర్‌ని ఓడించి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు, ఆయన ఆట మనలాంటోళ్ళకి కూడా అర్థమవుతుంది (ఇంకో ఛాంపియన్ టాల్ ఆటలైతే మొదట్లో తల తిరుగుద్ది).

1924 న్యూయార్క్ టోర్నీలో టార్టకోవర్ అనే ఆటగాడి మీద కాపాబ్లాంకా తెల్లపావులతో ఆడిన గేమ్ వెతికి, ఫోన్‌లో కాదు, నిజం బోర్డు మీద పావులు పెట్టుకుని తెల్లపావుల 35వ ఎత్తుకి ముందు ఆగండి. మిగతాది మూసేసి పది నిమిషాలు మీరే ఆలోచించి, మీ ఎత్తూ, ఎందుకన్నదీ ఒక కాగితం మీద రాయండి, ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు.

ఇప్పుడు ఆయనేం చేశాడో చూడండి. రాజుని జీ3కి (అక్షరం, అంకె కలిస్తే బోర్డు మీద గడి పేరు) జరిపాడు, అవతల రూక్ (ఏనుగు) చెక్ ఇస్తూ సీ3 బంటు తినేసింది, తర్వాత ఎఫ్4 బంటు కూడా పోయింది, అయినా పట్టించుకోకుండా హెచ్4, జీ5 మీదుగా రాజు నడుచుకుంటూ ఎఫ్6కి చేరాడు. పక్కనున్న ఎఫ్5 బంటుని తినలేదు చూశారా, అది అక్కడుంటే ఆ నిలువు వరుసలో వెనకనుంచి చెక్కులు రావు, శత్రువు బంటే గొడుగన్నమాట! హెచ్7లో రూక్, జీ6లో బంటు, ఎఫ్6లో రాజు కలిశాక నల్లపావులకి ఊపిరాడదు.

ఇంజిన్ (ఎత్తులు లెక్కేసే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆఖర్న ఆన్ చేయండి. అదే టోర్నీలో రేటీ అనే ఆటగాడి చేతిలో కాపాబ్లాంకా ఓడిపోయిన గేమ్ కూడా చూడండి, ఎనిమిదేళ్ళ తర్వాత ఆయనకి తగిలిన మొదటి ఓటమి అది.