మీ పదో తరగతి బ్యాచ్ పుస్తకాన్ని మీరే రాసుకోండి, ఇలా

ఫిబ్రవరి రాగానే పదో తరగతి పిల్లల చేతుల్లో స్లామ్ బుక్కులు కనిపిస్తాయి. ఇష్టమైన రంగు, ఇష్టమైన హీరో, నా గురించి ఒక మాట... నింపుకుంటే తప్పేమీ లేదు. కానీ అందులో మీ తరగతి కనిపించదు. స్నేహితులు ఎక్కువున్న వాళ్ళ పుస్తకాలు నిండిపోతాయి, చివరి బెంచీలో గమ్మున కూర్చునే పిల్ల దగ్గరికి ఎవరి పుస్తకమూ రాదు. అందుకే నేను తరగతి మొత్తానికీ కలిపి ఒకే పుస్తకం రాయిస్తాను. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. మూడు బ్యాచ్‌లతో చేశాక తెలిసిన విషయాలు ఇవి, పిల్లలూ చదవండి, క్లాస్ టీచర్లూ చదవండి.

ముందు టైమ్ సంగతి. మొదటిసారి నేను ఫిబ్రవరిలో మొదలుపెట్టి పొరపాటు చేశాను. అప్పటికి ప్రీ ఫైనల్స్ టెన్షన్, సాయంత్రం స్టడీ అవర్లు, సగం పేజీలు ఖాళీగా మిగిలాయి. నవంబరులో పరీక్ష ఫీజు, నామినల్ రోల్స్ పని అయిపోగానే మొదలుపెట్టి సంక్రాంతి సెలవుల లోపు రాత పని ముగించండి. మా వైపు ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ పొలం పనులు అయిపోగానే చాలా ఇళ్ళు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోతాయి, గుంటూరు వైపు మిరపకాయ కోతలకు. అమ్మానాన్నలతో పిల్లలూ పోతారు. వాళ్ళు ఊరు దాటకముందే వాళ్ళ పేజీ రాయించుకోవాలి.

ఇక అసలు పని. హెడ్మాస్టర్ గారిని అడిగి మీ ఆరో తరగతి హాజరు పట్టీ బయటికి తీయించండి. అందులోని పేర్లన్నీ అదే వరుసలో ఒక కాగితం మీద రాసుకొని, పక్కన ఇప్పటి పదో తరగతి పట్టీ పెట్టుకుని చూడండి. కొన్ని పేర్లు ఉండవు. ఒకరు గురుకులంలో సీటొచ్చి వెళ్ళారు, ఒకరు కస్తూర్బా బాలికల విద్యాలయానికి మారారు, ఒకరు సుగ్గికి పోయి మళ్ళీ బడికి రాలేదు, ఒక అమ్మాయికి ఎనిమిదో తరగతి సెలవుల్లోనే పెళ్ళి చేసేశారు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యం ఈ పేర్లే. పదో తరగతి దాకా వచ్చినవాళ్ళు మాత్రమే మీ బ్యాచ్ కాదు, మొదటిరోజు మీ పక్కన కూర్చున్న వాళ్ళంతా మీ బ్యాచే. ప్రతి పేరుకూ ఒక పేజీ ఇవ్వండి. ఆ పిల్లవాడు దొరక్కపోతే వాడి గురించి ఇద్దరు ముగ్గురు కలిసి రాయండి, వాడు కబడ్డీలో కూతకెళితే ఎలా ఉండేదో, లెక్కల్లో ఎవరికి సాయం చేసేవాడో. ఊళ్ళో వాళ్ళ అవ్వో, చిన్నాన్నో ఉంటారు, వాళ్ళింటికి వెళ్ళి ఇప్పుడెక్కడున్నాడో కనుక్కోండి, ఫోన్ కలిపితే వాడి మాటల్నే రాసుకోండి. చదువు ఆగిపోయిన పిల్ల విషయంలో ఎందుకు ఆగిందో రాయొద్దు, ఆ పిల్ల బడిలో ఎలా ఉండేదో రాయండి. చనిపోయిన పిల్లలుంటే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగాకే రాయండి.

రాయమంటే పిల్లలు "ఈ ఐదేళ్ళు నా జీవితంలో మరువలేనివి" అని మొదలుపెడతారు, ఆ తర్వాత పెన్ను కదలదు. అది వాళ్ళ తప్పు కాదు, అడిగే తీరును బట్టి ఉంటుంది. చిన్న ప్రశ్నలు అడగండి. ఆరో తరగతిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు? బడికి ఏ దారిలో వచ్చేవాడివి, దారిలో ఎవరు కలిసేవాళ్ళు? ఏ పాఠం దగ్గర ఏడుపొచ్చింది? ఎవరితో మాట్లాడటం మానేశావు, మళ్ళీ ఎలా కలిశారు? చివరి ప్రశ్నకు మాత్రం ఇష్టమైతేనే జవాబు రాయమనండి.

సంవత్సరానికి ఒక ఉమ్మడి పేజీ కూడా పెట్టండి. 2026లో పది రాసే బ్యాచ్‌ను తీసుకుంటే, కరోనాతో బడులు మూతపడినప్పుడు వీళ్ళు నాలుగో తరగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16న బడులు తెరిచినప్పుడు ఆరులో అడుగుపెట్టారు, అంటే హైస్కూల్లో మొదటిరోజు ఒకరి ముఖం ఒకరికి మాస్కు పైన కళ్ళ వరకే తెలుసు. మాస్కు తీశాక ఎవరిని చూసి ఆశ్చర్యపోయారో రాయించండి, బాగా వస్తుంది. ఏడో తరగతి చివర, 2023 మార్చిలో, మధ్యాహ్న భోజన పథకంలోకి రాగి జావ వచ్చింది. తొమ్మిదిలో ఉండగా ఆ పథకం పేరు గోరుముద్ద నుంచి డొక్కా సీతమ్మ పేరుకు మారింది, వండి పెట్టిన ఆయమ్మలు మాత్రం వాళ్ళే. ఆ ఆయమ్మలకూ ఒక పేజీ ఉండాలి. వాళ్ళు రాయలేకపోతే పక్కన కూర్చుని చెప్పించుకుని మీరు రాయండి.

తెలుగు టీచర్లకు ఒక మనవి. భాష దిద్దకండి. "మా అబ్బ నన్ను సుగ్గికి పిల్సకపోయినాడు" అని పిల్లవాడు రాస్తే దాన్ని "మా తాతగారు నన్ను వలసకు తీసుకువెళ్ళారు" అని మార్చారంటే ఆ పేజీలో ఆ పిల్లవాడు ఉండడు. రాయడం కష్టమయ్యే పిల్లలు చెబుతుంటే స్నేహితులు రాసిపెట్టొచ్చు, కింద సంతకం మాత్రం చెప్పినవాళ్ళే చేయాలి. ఎగతాళి పేర్లు, ప్రేమల గొడవలు, కులం ప్రస్తావన, ఫోన్ నంబర్లు ఏ పేజీలోనూ ఉండకూడదు. అందరి చేతుల్లోకీ వెళ్ళే పుస్తకం కాబట్టి చివర్లో ఒక టీచరు, ఇద్దరు పిల్లలు కూర్చుని ప్రతి పేజీ చదవండి.

ఏ4 తెల్లకాగితం, నల్ల బాల్ పెన్ను వాడండి. పెన్సిల్ రాత జిరాక్స్‌లో సరిగా రాదు, జెల్ పెన్ను తడి తగిలితే అలుక్కుపోతుంది. ఎడమవైపు రెండు వేళ్ళ వెడల్పు వదలండి, లేదంటే స్పైరల్ బైండింగ్ చిల్లుల్లో అక్షరాలు పోతాయి. గ్రూప్ ఫోటో ప్రార్థన అవగానే వేపచెట్టు నీడలో తీయించండి, ఎండకు ఎదురుగా నిలబెడితే అందరి కళ్ళూ మూసుకుపోతాయి. ఫోటో అంటించిన పేజీ కింద వరుసల వారీగా, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ రాయండి. ఇప్పుడు అవసరం లేదనిపిస్తుంది, పదేళ్ళ తర్వాత కొందరి పేర్లు గుర్తురావు.

తొమ్మిదో తరగతి వాళ్ళు వీడ్కోలు సభ పెట్టినప్పుడు అందులోంచి ఏడెనిమిది పేజీలు చదవండి, అన్నీ కాదు. ఎవరి పేజీ వాళ్ళే చదవాలి. వెళ్ళిపోయిన పిల్లల పేజీలు మాత్రం ముందు చదవండి. ఏడుపొస్తే ఆగండి, పక్కవాళ్ళు అందుకుంటారు.

చేత్తో రాసిన అసలు పుస్తకాన్ని బడి లైబ్రరీలో ఉంచి, జిరాక్స్ కాపీలు పిల్లలకు ఇవ్వండి. డబ్బులు అందరి దగ్గరా సమానంగా అడగకండి, మేమైతే టీచర్లమూ పాత విద్యార్థులూ కలిసి పెట్టుకున్నాం. రాలేని పిల్లల కాపీల మీద పేర్లు రాసి ఆఫీసు బీరువాలో పెట్టండి. ఎప్పుడో ఒకసారి బోనఫైడ్ కోసమో టీసీ కోసమో వస్తారు. పోయిన జూన్‌లో ఒకబ్బాయి అలాగే వచ్చాడు, ఏడో తరగతిలో ఆగిపోయినవాడు. కాపీ ఇస్తే తన పేజీ తీసి వరండాలో నిలబడే చదువుకున్నాడు, తర్వాత పెన్ను అడిగి కింద సంతకం పెట్టాడు.