కోడింగ్ ఇంటర్వ్యూ: పైకి చెబుతూ రాయడం అలవాటు చేసుకోండి

భీమవరం నుంచి కాకినాడ దాకా ఫైనలియర్ పిల్లల్లో చాలామందికి ప్రోగ్రాం రాయడం వచ్చు. తడబడేది ఎక్కడంటే, ఎదుటివాళ్లు చూస్తుండగా ఆలోచన పైకి చెబుతూ 45 నిమిషాల్లో రాయాల్సి వచ్చినప్పుడు. అందుకే మొదటి రోజు నుంచే సాధన నోటితో చెయ్యాలి.

రోజుకి రెండు ప్రాబ్లమ్స్ చాలు. అరగంట కుస్తీ పట్టినా దారి దొరక్కపోతే జవాబు చూడండి, తప్పులేదు. కానీ మూడు రోజుల తర్వాత ఖాళీ కాగితం మీద మళ్లీ రాయండి. చూసి అర్థమైందనుకున్నది చేత్తో రాస్తే సగం రాదు. ముందు డేటా దాచుకునే తేలిక పద్ధతులు: అర్రేలు (వరస జాబితాలు), స్ట్రింగులు (అక్షరాల వరసలు), డిక్షనరీ (వేసినదాన్ని వెంటనే వెతికిచ్చే పట్టిక). తర్వాత ఇంకాస్త కష్టమైనవి: స్టాక్, లింక్డ్ లిస్ట్, ట్రీ, గ్రాఫ్. డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న ముక్కల జవాబులు దాచుకుని పెద్ద ప్రశ్న తేల్చడం) చివర్న. చాలామంది దాంతోనే మొదలెట్టి నెల తిరక్కుండా వదిలేస్తారు.

ఒక ప్రశ్న తీసుకుందాం: 8, 5, 3, 11 లో ఏ రెండు కలిపితే 16? వెంటనే కోడ్ మొదలెట్టకండి. ఐదు నిమిషాలు ఇంటర్వ్యూ చేసేవాళ్లని అడగండి: సంఖ్యలు ఎన్ని ఉండొచ్చు, నెగటివ్ ఉంటాయా, ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? తర్వాత తేలిక దారి చెప్పండి: ప్రతి జతా కలిపి చూడటం. లక్ష సంఖ్యలుంటే జతలు సుమారు 500 కోట్లు; సెకనుకి పది కోట్లు చూసినా 50 సెకన్లు పడుతుంది. ఈ లెక్క మీరే చెప్పి డిక్షనరీకి వెళ్తే, ఎందుకు మారారో వాళ్లకి తెలుస్తుంది.

డిక్షనరీ దారిలో ప్రతి సంఖ్యకీ, 16 కావడానికి ఇంకెంత కావాలో అది అందులో ఉందా అని వెతుకుతాం. ఇక్కడే జారతారు. సంఖ్యలన్నీ ముందే డిక్షనరీలో వేస్తే, 8కి కావాల్సిన 8 అదే చోట కనిపించి తప్పు జవాబు వస్తుంది. ముందు వెతకాలి, తర్వాత వెయ్యాలి. 8, 5, 3 దాటి 11 దగ్గరకొచ్చేసరికి 5 అప్పటికే అందులో ఉంటుంది.

బైనరీ సెర్చ్ కూడా ఇలాగే కాగితం మీద నడిపి చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లలో ఒకటో నంబరు నుంచి వరసగా కొన్ని ఎత్తి, మిగతావి దించారనుకోండి. దించిన మొదటి గేటు ఏది? సగం సగం చేస్తూ పోతే 8 సార్లు చూస్తే చాలు. ఇంకా వెతకాల్సిన గేట్లలో మొదటి నంబరు ‘లో’, చివరిది ‘హై’, మధ్యది ‘మిడ్’ అనుకోండి. మిడ్ గేటు దించి ఉంటే హై = మిడ్, ఎత్తి ఉంటే ‘లో’ = మిడ్ + 1. ఆ ప్లస్ ఒకటి మరిచిపోతే ‘లో’ 4, హై 5 దగ్గర మిడ్ మళ్లీ 4 అయి లూప్ అక్కడే తిరుగుతుంది. అన్నీ ఎత్తేసి ఉంటే? అది వాళ్లు అడక్కముందే మీరు అడగండి.

కోడ్‌కి 20 నిమిషాలు, చేత్తో టెస్ట్ చెయ్యడానికి 10 ఉంచుకోండి. ఖాళీ అర్రే, ఒక్క సంఖ్యే ఉన్న అర్రే, అన్నీ అదే సంఖ్య ఉన్న అర్రే: ఈ మూడూ తప్పకుండా చూడండి.

ఇంగ్లీషు భయం చాలామందికి ఉంటుంది. ముందు స్నేహితుడికి తెలుగులో చెప్పండి, అదే ఇంగ్లీషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. గ్రామర్ తప్పితే ఎవరూ పట్టించుకోరు. రెండు నిమిషాలు మౌనంగా కూర్చుంటే మాత్రం ఆగిపోయారనుకుంటారు.

రెజ్యూమెలో రాసిన ప్రాజెక్టులో ప్రతి లైనూ మీకు తెలియాలి. డేటాబేస్ వాడామని రాస్తే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) ఎందుకు, ఏ కాలమ్ మీద వేశారో అడుగుతారు. స్నేహితుడు చేసిన భాగాన్ని మీరు చేశారని రాయకండి.

ఇంటి నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే, అక్టోబరు, నవంబరు గాలివానల్లో కరెంటు పోతుందని ముందే అనుకోండి. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఫుల్ ఛార్జింగ్‌లో ఉంచండి. కరెంటు పోతే వైఫై రూటర్ కూడా ఆగుతుంది కాబట్టి హాట్‌స్పాట్‌కి వేరే కంపెనీ సిమ్ ఒకటి పెట్టుకుని, ముందు రోజు అదే గదిలో, అదే వేళకి వీడియో కాల్ చేసి చూడండి. సిగ్నల్ అందకపోతే డాబా మీద గదికో, టౌన్లో బంధువుల ఇంటికో ముందు రోజే వెళ్లిపోండి.