పూల్ చుట్టూ ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించే ముందు ఇవి చూస్కోండి

ముందు ఒక బకెట్ నీళ్లు పూల్ అంచు దగ్గర గుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. పూల్ వైపే వస్తుంటే మేస్త్రీని పిలిచి వాలు డ్రెయిన్ వైపు తిప్పించండి, లేకపోతే మన హైదరాబాద్‌లో జులై వానలకి గడ్డి కింద నీళ్లు నిలిచి పాచి పట్టి వాసన మొదలైతది, అప్పుడు మొత్తం పీకాల్సిందే.

గడ్డి కదలకుండా మేకులు కొట్టే ముందు పూల్ లైట్ల వైర్లు, ఫిల్టర్ పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో చాక్‌పీస్‌తో గీసి పెట్టుకోండి. ఇది మాత్రం అస్సలు వదలొద్దు, పిల్లలు తడి కాళ్లతో తిరిగే చోటు అది.

ఇంక ఎండ సంగతి. మేలో మనకి 40 డిగ్రీలు దాటుతది కదా, ప్లాస్టిక్ గడ్డి దానికన్నా చాలా ఎక్కువ కాలుతది. శాంపిల్ ముక్క అడిగి మధ్యాహ్నం 2 గంటలకి మేడ మీద పెట్టి చెప్పుల్లేకుండా నిలబడండి. మా చిన్నోడు అరికాలు ఆనించి చటుక్కున తీసేశాడు, ఆ రకం వద్దనుకున్నాం. పెద్ద కిటికీ అద్దాల మీంచి తిరిగి పడే ఎండకైతే గడ్డి కరిగిపోవచ్చు కూడా.

గడ్డి వెనక నీళ్లు దిగే చిల్లులున్నాయా, అతుకుల గమ్ము తడికి ఆగేదేనా అడగండి. గడ్డి పోచల మధ్య నింపడానికని పైన నల్ల రబ్బరు గుళికలు చల్లనివ్వకండి, అవన్నీ కొట్టుకుపోయి ఫిల్టర్లోకే చేరతాయి.